చక్రాల మీద గృహస్థాశ్రమం

పూజకు కూర్చుని సంకల్పం చెప్పుకునేటప్పుడు ముందు మనం ఎక్కడున్నామో చెప్పుకుంటాం. బాపట్లలో మా నాన్నగారు జంబూద్వీపం దగ్గర మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పి, చివరికి ‘స్వగృహే’ అనేవారు. అద్దె ఇంట్లో ఉండే మా బాబాయి ‘వసతి గృహే’ అనేవారు. అమెరికా వచ్చాక ఇక్కడి పురోహితులు మాచేత క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అని చెప్పించారు. ఒహాయోలో ఉన్నన్నాళ్లూ మావారు సయోటో, ఒలెంటాంజీ నదుల పేర్లు కూడా చేర్చుకునేవారు. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లు పడ్డారు, మావారు రిటైరయ్యారు. నేనూ ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం మానేశాను. ఒహాయోలో ఇల్లు అమ్మేసి 30 అడుగుల మోటార్‌హోమ్ కొనుక్కున్నాం. ఇప్పుడు మాకు ఇల్లైనా వాకిలైనా అదే. ఈ చలికాలం అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరి పక్కన ఆగాం. ఇక్కడ మావారు కొలరాడో, గిలా నదుల మధ్య అని చెప్పుకుంటున్నారు. వేసవికి మళ్లీ నదులు మారతాయి.

నదులు మారితే ఇబ్బంది లేదు. ఇల్లు అన్నచోటే నేను ఆగిపోయాను. ఇల్లు లేని మేం గృహస్థులమేనా? కాకపోతే ఏ ఆశ్రమంలో ఉన్నట్టు?

మా స్నేహితులకు ఇందులో సందేహమే లేదు. ‘హాయిగా వానప్రస్థం పుచ్చుకున్నారు’ అంటారు. మెచ్చుకోలుగానే అంటారు గానీ, అది నిజం కాదు. మనుస్మృతి ఆరో అధ్యాయంలో వానప్రస్థం ఎలా ఉంటుందో చూడండి. ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, మనవడి ముఖం చూశాక గృహస్థు అడవికి పోవాలి. ఊళ్లో పండిన తిండి మానేయాలి. నేల మీద పడుకోవాలి. ఎండాకాలం మంటల మధ్యా, వానాకాలం ఆరుబయటా, చలికాలం తడిబట్టల్లోనూ ఉండి తపస్సు పెంచుకోవాలి. మాకు ముడతలున్నాయి, మనవలున్నారు. దాంతోపాటు బండి కప్పు మీద సోలార్ పలకలు, పడకగదిలో హీటరు, మెడికేర్ కార్డు కూడా ఉన్నాయి. 62 ఏళ్లు దాటినవాళ్లకు జీవితకాలం చెల్లే ప్రభుత్వ పాసు ఉంది. అది చూపిస్తే నేషనల్ పార్కుల్లోకి ఊరికే రానిస్తారు, ఫెడరల్ క్యాంపుల్లో చాలాచోట్ల సగం రుసుమే తీసుకుంటారు. ఇంత సుఖానికి వానప్రస్థం అని పేరు పెడితే, నిజంగా ఆ కష్టం పడ్డవాళ్లను తక్కువ చేసినట్టే. సామాను తగ్గించుకోవడం వైరాగ్యం కాదని నాకు ఈ బండిలోకి వచ్చాకే బాగా తెలిసింది. రెండు బీరువాల చీరలు పంచిపెట్టి వచ్చాను. మిగిలిన కాసిని చీరల మీద నా మమకారం పిసరంతైనా తగ్గలేదు.

మరి మేమెవరం? ఈ ప్రశ్నకు జవాబు నాకు బౌధాయన ధర్మసూత్రంలో దొరికింది. గృహస్థుల్లోనే శాలీనులు, యాయావరులు, చక్రచరులు అని రకాలున్నాయట. ఒకచోట ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లు శాలీనులు. యాయావరులు తిరుగుతూ బతికేవాళ్లు. తిరుగుతున్నారు కదా అని వాళ్ల మీద ఉన్న బాధ్యతలు రద్దు కాలేదు. దేవతలకు, రుషులకు, పితృదేవతలకు మనిషి పుట్టుకతోనే బాకీ పడతాడని మనవాళ్లు నమ్మారు. ఆ బాకీ ఇంటిని అడ్రసుగా పెట్టుకుని రాలేదు కాబట్టి, ఇల్లు అమ్మినంత మాత్రాన తీరదు.

యాయావరుడంటే నాకు ముందు గుర్తొచ్చేది జరత్కారువు. నన్నయ ఆదిపర్వంలోనే ఆ కథ ఉంది. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే పడక అన్నట్టు తిరిగే తపస్వి. ఒకరోజు ఒక గుంటలో కొందరు గడ్డిదుబ్బును పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంటే చూస్తాడు. ఆ గడ్డి వేళ్లను ఎలుక కొరికేస్తోంది. మీరెవరని అడిగితే, మేం యాయావరులం, మా వంశంలో మిగిలినవాడు ఒక్కడే, వాడు పెళ్లి మాని తిరుగుతున్నాడు, అందుకే మాకీ గతి అంటారు. వాళ్లు తన పూర్వులేనని అప్పుడు తెలుస్తుంది. ఆయన తిరుగుడును ఆ పూర్వులు తప్పుపట్టలేదు, వాళ్లూ తిరిగినవాళ్లే కదా. ఏదీ మోయకుండా తిరగడమే వాళ్లను గుంటలోకి దించింది. మా బండి జీవితాన్ని నేను తూచుకునే రాయి ఈ కథే.

ముందు దేవుడి సంగతి. బండి కదులుతున్నంతసేపూ మా దేవుళ్లు పట్టుగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో ఉంటారు. బండి ఆపగానే మొదటి పని నేల చదును చూసుకోవడం. మావారు బయట నాలుగు జాకీలు దించుతుంటే, నేను లోపల వంటగట్టు మీద చిన్న లెవెల్ గొట్టం పెట్టి బుడగ మధ్యకొచ్చిందో లేదో చెబుతుంటాను. అది కుదిరాకే దీపం. బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే ప్రమిదలో నూనె అటే చేరి ఒత్తి ఎండిపోతుంది. గ్యాసు వాల్వు కట్టేసి, కిటికీ కాస్త తీసి, దీపం కొండెక్కేదాకా పక్కనే కూర్చుంటాను. ఒహాయోలో దీపం పెట్టి ల్యాబ్‌కు పరుగెత్తేదాన్ని. ఇక్కడ ప్రమాదభయం వల్లనే అయినా ఆ కాసేపు దేవుడి ముందు కదలకుండా కూర్చుంటున్నాను. వీరశైవులు ఇష్టలింగాన్ని ఒంటిమీదే ధరించి తిరిగారు. దేవుడు స్థిరంగా ఒక గుళ్లోనే ఉండాలన్న పట్టుదల వాళ్లకు లేదు. పాల్కురికి సోమన కాలం నుంచీ మన తెలుగునేలకు తెలిసిన సంగతే ఇది. కాబట్టి దేవఋణం విషయంలో బండి అడ్డు రాలేదు.

పితృదేవతల దగ్గరకు వచ్చేసరికి అంత సులువు కాలేదు. మా మామగారి తద్దినం మాఘమాసంలో వస్తుంది. ఆబ్దికం అంటే భోక్తలు కావాలి, మడి వంట కావాలి, కాకికి పిండం పెట్టాలి. బండిలో ఇద్దరు తిరగడానికే చోటు చాలదు. పైగా అమెరికా నేషనల్ పార్కుల్లో అడవి ప్రాణులకు తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. కాకి, ఉడుత, దేనికీ మెతుకు వేయకూడదు. మనుషుల తిండికి అలవాటుపడిన ప్రాణి వేట మరిచిపోతుంది, మనుషుల మీదకు వస్తుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. కారణం న్యాయమైనదే. భూతయజ్ఞం అంటే ప్రాణులకు మేలు చేయడమే అయితే, అక్కడ తిండి పెట్టకపోవడమే భూతయజ్ఞం అని నేను సమాధానపడ్డాను. మావారికి మాత్రం మనసొప్పలేదు. తండ్రికి పెట్టిన ముద్ద కాకి ముట్టేదాకా పెరట్లో నిలబడి చూసిన మనిషి ఆయన.

శాస్త్రం చూస్తే ప్రవాసంలో ఉన్నవాడికి వెసులుబాటు ఎప్పటి నుంచో ఉంది. వండిపెట్టే వీలు లేనప్పుడు పచ్చి దినుసులతో ఆమశ్రాద్ధం, అదీ కుదరకపోతే ధనంతో హిరణ్యశ్రాద్ధం. తీర్థంలో, ప్రయాణంలో ఉన్నవాడి అవస్థ తెలిసిన పెద్దలు చేసిన ఏర్పాటిది. అప్పటి నుంచీ మా దారి పటం తిథిని బట్టి గీస్తున్నాం. మాఘంలో ఆ తిథి నాటికి గుడీ పురోహితుడూ ఉన్న నగరం ఏదో ఒకటి చేరతాం. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి, దక్షిణ పెట్టి స్వయంపాకం ఇస్తాం. అరటికాయ, కంద, పెసరపప్పు కోసం రెండు రోజుల ముందే ఇండియన్ దుకాణం వెతుక్కుంటాను. ఏడాది పొడుగునా ఎక్కడికి పోతామో మాకే తెలియదు గానీ, ఆ ఒక్కరోజు మాత్రం ఎక్కడుండాలో మామగారే నిర్ణయిస్తారు. మా స్వేచ్ఛకు ఇది అడ్డని నేను అనుకోను. ఈ ఒక్క ముడి కూడా లేకపోతే మా తిరుగుడు గాలికి పోయేదని గట్టిగా నమ్ముతాను.

నీళ్ల సంగతి ఒక్కమాట చెప్పాలి. ఎడారిలో కుళాయి ఉండదు, మురుగు కాలువ ఉండదు. మంచినీళ్లకు ఒక ట్యాంకు, గిన్నెలూ స్నానాల నీళ్లకు ఇంకోటి, మరుగుదొడ్డికి మూడోది, అన్నీ మా కాళ్ల కిందే. నిండిన రెండు ట్యాంకులనూ తీసుకెళ్లి డంప్ స్టేషన్‌లో గొట్టం తగిలించి మన చేత్తో మనమే ఖాళీ చేయాలి. ఆ పని మావారు, నేను వంతులు వేసుకుని చేస్తాం. శౌచం, మడి అని ఇంత మాట్లాడే ఇంట్లో పుట్టిన నేను నా మాలిన్యాన్ని ఇంకొకరు మోస్తున్నారన్న సంగతి అరవై ఏళ్లు ఆలోచించకుండా గడిపాను. మా ఊళ్లో తెల్లవారుజామున దొడ్డిదారిన వచ్చిపోయిన మనుషుల ముఖాలు ఎలా ఉండేవో ఎంత తలుచుకున్నా గుర్తురావడం లేదు.

గృహస్థు చేయాల్సిన యజ్ఞాల్లో అన్నిటికంటే బరువైనది మనుష్యయజ్ఞం, అంటే అతిథిసేవ. ఈ జీవితంలో మేమే ఎప్పుడూ అతిథులం. నేల మాది కాదు. ఇక్కడ ప్రభుత్వ భూముల్లో మామూలుగా పద్నాలుగు రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు. క్వార్ట్‌జ్‌సైట్ చుట్టుపక్కల మాత్రం సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పొడుగ్గా ఉండేందుకు వేరే పర్మిట్ ఇస్తారు. మేం 180 డాలర్లు కట్టాం. అందుకే మావారు ఇప్పుడు సంకల్పంలో ‘వసతి గృహే’ అంటున్నారు, నాకూ అదే సబబనిపించింది. అయితే తనకే నిలకడైన చోటు లేనివాళ్లు ఇంకొకరికి ఆతిథ్యం ఏమివ్వగలరు? మనువు చెప్పిన కనీసం చాలా చిన్నది. కూర్చోడానికింత గడ్డి, కాస్త చోటు, నీళ్లు, మంచిమాట. సజ్జనుడి ఇంట్లో ఈ నాలుగింటికీ లోటుండదంటాడు.

నిరుటి చలికాలం మా పక్కన మొంటానా నుంచి వచ్చిన ఒక పెద్దాయన పాత ట్రెయిలరుతో ఆగాడు. భార్య పోయింది. పగలంతా ట్రెయిలర్లోనే ఉండేవాడు. ఒక సాయంత్రం చారుకు పోపు వేస్తుంటే ఎండుమిరపకాయల ఘాటుకు మా పొగ అలారం మోగింది. బండి నిప్పంటుకుందేమోనని ఆయన మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను గరిటె చూపించాను. వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో ఎలా పంపిస్తాం? రమ్మంటే వెళ్లి తన మడత కుర్చీ, తన కప్పు తెచ్చుకున్నాడు. ఈ బండ్ల వాళ్ల మధ్య మర్యాద అది, ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకుంటారు. ఆ కప్పులో చారు పోశాను. ఒక గుక్క తాగి దగ్గాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ కప్పు చాపాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం అదే వేళకు కుర్చీతో వచ్చేవాడు. మాట్లాడేది తక్కువ. భార్య చేసే ఆపిల్ పై గురించి ఒకసారి, ఆవిడ చివరి రోజుల గురించి ఒకసారి చెప్పాడు. మావారు వింటూ కూర్చునేవారు. మా గుడారపు నీడ కింద గడ్డి కూడా లేదు, కంకరే. చోటు ప్రభుత్వానిది, నీళ్లు గ్యాలన్ల లెక్కన మోసుకొచ్చినవి. అయినా మనువు చెప్పిన నాలుగూ అక్కడే కూడాయి. మూడువేల చదరపు అడుగుల ఒహాయో ఇంట్లో పక్కింటివాళ్లతో మాకు చేతులూపుకునే పరిచయం తప్ప ఇంకోటి లేదు. ఇది నేను దుఃఖంతోనే రాస్తున్నాను.

అయితే ఇది జరిగింది మేం నెలల తరబడి ఒకచోట ఆగాం కాబట్టే. మూడురోజులకో ఊరు మారినన్నాళ్లూ మాకు చుట్టూ కొండలూ లోయలూ కనిపించాయి, మనిషి కనిపించలేదు. బౌద్ధ, జైన భిక్షువులు ఏడాదంతా తిరిగినా వానాకాలం ఒకచోట ఆగేవారు. మన యతులకు చాతుర్మాస్యం ఉంది. మొలకలనూ పురుగులనూ తొక్కకూడదన్నది దానికి చెప్పే కారణం. ఆగిన ఊరివాళ్లకు ఆ నెలల్లో దక్కేది కూడా తక్కువేమీ కాదు. తిరిగేవాడు ఆ కొన్నాళ్లూ ఒకరికి ఇరుగూ పొరుగూ అవుతాడు. నా మటుకు క్వార్ట్‌జ్‌సైట్ చలికాలమే మా చాతుర్మాస్యం.

భార్యాభర్తల సంగతి ఎవరూ అంతగా మాట్లాడరు, నేను మాట్లాడతాను. అడవికి పోయేవాడు భార్యను కొడుకులకు అప్పగించి పోవచ్చు, వెంట తీసుకుపోనూవచ్చు అంటాడు మనువు. ఆమెను అడగమని చెప్పలేదు. జరత్కారువు పూర్వుల కోసం పెళ్లాడాడు, అదీ తన పేరే ఉన్న పిల్లను భిక్షగా ఇస్తేనే, పోషించే బాధ్యత తనకు లేకపోతేనే. వాసుకి చెల్లెల్ని ఇచ్చాడు. ఒకనాడు ఆమె ఒళ్లో తలపెట్టి నిద్రపోతుంటే పొద్దువాలిపోతోంది. సంధ్య తప్పిపోతుందని భయపడి ఆమె మెల్లగా లేపింది. నేను పడుకుని ఉండగా సూర్యుడికి అస్తమించే ధైర్యం ఉందా అని కోపించి, ఆమెను వదిలి వెళ్లిపోయాడు. అప్పటికే కడుపున ఉన్న ఆస్తీకుణ్ణి అన్నగారి ఇంట్లో ఉండి పెంచింది ఆమే. ఆ పిల్లవాడే పెరిగి జనమేజయుడి సర్పయాగాన్ని ఆపాడు. వంశాన్ని నిలబెట్టింది నిలిచి ఉన్న ఆ తల్లి అని నేను చదువుకుంటాను. సీతమ్మ కథ దీనికి ఎదురు. రాముడు ఇంట్లోనే ఉండమంటే ఒప్పుకోలేదు, వాదించి, నిష్ఠూరమాడి, తన ఇష్టంతో బయల్దేరింది.

ఈ క్యాంపుల్లో కలిసే ఆడవాళ్లలో ‘ఇది మా ఆయన కల’ అని చెప్పేవాళ్లు ఎంతమందో. మావారు మొదటిసారి ఈ మాట ఎత్తినప్పుడు నేను వెంటనే సరేననలేదు. ‘ఏవండీ, నాకు కొన్ని షరతులున్నాయి’ అన్నాను. పురుళ్లకూ పుణ్యాలకూ పిల్లల దగ్గరకు వెళ్లాలంటే బండి అటే తిరగాలి. స్టీరింగు నేనూ పట్టుకుంటాను. ఇద్దరిలో ఎవరు ఇక చాలన్నా ఆ రోజుతో ఆపేయాలి, కారణం అడగకూడదు. ‘సరేనోయ్’ అన్నారు, మాట మీద ఉన్నారు. ఈ బండిలో పోట్లాడుకుంటే తలుపేసుకుని కూర్చోడానికి రెండో గది లేదు. ఒకరు బయట ఎడారిలోకి నడిచి వెళ్లాలి, తిరిగి రావాలి. గృహస్థాశ్రమంలో ఇంతకంటే కష్టమైన తపస్సు నేను చేయలేదు.

ఇష్టపడి తిరిగే మాకు ఇన్ని మర్యాదలు దక్కుతున్నాయి. గతిలేక తిరిగేవాళ్ల మాటేమిటి? ఇదే ఎడారిలో, మాకు కూతవేటు దూరంలో, ఇల్లు బ్యాంకుకు పోయి వ్యాన్లలో బతుకుతున్న ముసలివాళ్లున్నారు. జెస్సికా బ్రూడర్ 2017లో వాళ్ల గురించి ‘నోమాడ్‌లాండ్’ రాసింది. ఆ కథతో తీసిన సినిమాకు 2021లో ఆస్కార్ వచ్చింది. డెబ్భై ఏళ్లకు గోదాముల్లో నిలబడి పెట్టెలు సర్దే వాళ్ల జీవితాన్ని స్వేచ్ఛ అని పొగడటం అన్యాయం.

తిరిగేవాళ్లకు జరిగిన అన్యాయం మా ఊరి పక్కనా ఉంది. మా బాపట్లకూ చీరాలకూ మధ్య స్టూవర్టుపురం స్టేషను ఉంది. చిన్నప్పుడు రైలు అక్కడ ఆగితే పెద్దవాళ్లు దొంగల భయంతో సామాన్లు దగ్గరకు లాక్కునేవారు. ఆ ఊరు ఎలా పుట్టిందో ఎవరూ చెప్పలేదు. అక్కడి ఎరుకలవాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని కోస్తా నుంచి మెట్ట ప్రాంతాలకు తిరిగి అమ్ముకున్నవాళ్లు. రైళ్లు, ఇంగ్లీషువాళ్ల ఉప్పు విధానం కలిసి ఆ వ్యాపారాన్ని చంపాయి. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. తిరిగే కులంలో పుట్టడమే నేరమయింది. వాళ్లకు కాపలా పెట్టి ఒకచోట కూర్చోబెట్టిన సెటిల్‌మెంట్లలో స్టూవర్టుపురం ఒకటి. చట్టం 1952లో పోయింది, మచ్చ పోలేదు. నాకు సౌత్ డకోటాలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు, ఉత్తరాలు అందుకునే ఒక అడ్రసు చూపిస్తే ఆ రాష్ట్ర నివాసిగా గుర్తింపు దొరికింది. అదే తిరుగుడు వాళ్లకు వేలిముద్రలు, హాజరు పట్టీ తెచ్చింది. నడిచినవాళ్లను బట్టి దారికి విలువ కట్టే లోకం ధర్మం గురించి మాట్లాడే ముందు దీనికి జవాబు చెప్పుకోవాలి.

నా ప్రశ్నకు నేను చెప్పుకున్న జవాబు ఇది. మేం గృహస్థులమే. వానప్రస్థులం కాదు, విరాగులం అసలే కాదు. ఇంటితోపాటు బాధ్యతలు కూడా అమ్మేశామనుకుంటే మాత్రం ఏ ఆశ్రమంలోనూ లేనట్టే. ఇలా బయల్దేరాలని ఆలోచిస్తున్న తెలుగు దంపతులారా, వెళ్లండి, చాలా బాగుంటుంది. ఇల్లు అమ్మే కాగితం మీద సంతకానికి ముందు భార్యను నిజంగా అడగండి, ఆమె షరతులు రాసుకోండి. తిథులు చూసుకుని దారి గీసుకోండి. ఏడాదిలో ఒక్క రుతువైనా ఒకేచోట ఆగండి. రెండు కప్పుల బియ్యం వండే గిన్నె సరిపోతుందని చెబుతారు, వినకండి. నాలుగు కప్పులది తీసుకెళ్లండి.